మీ రక్షణ సాక్ష్యం సిద్ధం చేసుకుని చెప్పడం ఎలా

నేను మొదటిసారి సాక్ష్యం చెప్పింది గుంటూరు బ్రాడీపేటలో, ఒక ఇంటి ప్రార్థనలో. మే నెల. హాల్లో చాపల మీద పాతిక ముప్పై మంది, పైన ఒక్క ఫ్యాన్. ఇరవై ఐదు నిమిషాలు మాట్లాడాను. చేసిన తప్పు చెప్పాను, పడ్డ బాధ చెప్పాను, కన్నీళ్లు పెట్టుకున్నాను, చివరికి ఆ తప్పు ఎలా దిద్దుకున్నానో చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. ఇంటికి వస్తుంటే శంకర్ విలాస్ బ్రిడ్జి మీద స్కూటర్ వెనక నుంచి మా ఆవిడ అంది: "మీరు డబ్బు తీశారని అందరికీ తెలిసింది. తిరిగి కట్టేశారనీ తెలిసింది. మధ్యలో ప్రభువు ఏం చేశాడో మాత్రం తెలియలేదండీ."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమె అన్నది నిజమే. నా మాటలు విన్నవాళ్లకు అర్థమయ్యేది ఒక్కటే: తప్పు చేస్తే తిరిగి కట్టాలి, కడితే మనశ్శాంతి వస్తుంది. అప్పు తీర్చినవాడి కథ అది. కృప వల్ల, అంటే అర్హత లేకపోయినా దేవుడు ఉచితంగా చూపిన దయ వల్ల, రక్షణ దొరికినవాడు చెప్పాల్సింది అది కాదు.

ఆ తర్వాత అదే సాక్ష్యాన్ని ఎన్నోసార్లు తిరగరాసుకున్నాను. మా సంఘంలో యవ్వనస్తులు, స్త్రీల సమాజం వాళ్లు సాక్ష్యం రాసుకుంటుంటే పక్కన కూర్చుని సాయం చేస్తూ వచ్చాను. అలా నేర్చుకున్నది ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఒక నోటు పుస్తకం, నీలం పెన్ను, ఎర్ర పెన్ను, బైబిలు దగ్గర పెట్టుకోండి. వారం రోజులైనా పడుతుంది, తొందరపడకండి.

1. మీరు చెప్పబోయేది మేలు గురించా, రక్షణ గురించా?

మన కూడికల్లో "సాక్ష్యం" అనే ఒక్క మాటతో రెండు వేరు వేరు సంగతులు చెబుతాం. జ్వరం తగ్గింది, అబ్బాయికి వీసా వచ్చింది, స్థలం గొడవ తేలిపోయింది. ఇవి మేలులు. వీటికి దేవునికి కృతజ్ఞత చెప్పాలి, తప్పకుండా చెప్పాలి. కానీ వెనక వరసలో కూర్చున్న ఒక తల్లి కొడుక్కి వీసా రాలేదు. ఆమె కూడా ఉపవాసం ఉంది, ఆమె కూడా ప్రార్థన చేసింది. మీ మాటలు విని ఆమె "నా ప్రార్థనలో ఏదో లోపం ఉంది" అనుకుంటూ ఇంటికి వెళ్లిందంటే, అక్కడ కృప వినబడలేదనే అర్థం.

రక్షణ సాక్ష్యం ఆ తల్లికి కూడా పనికొచ్చేది. దేవుని ముందు నేను ఎవరిని, నన్ను ఆయన ఎలా చేర్చుకున్నాడు అనేదే అందులో విషయం. లూకా 17లో పదిమంది కుష్ఠరోగులకూ బాగైంది, తిరిగొచ్చి యేసు పాదాల దగ్గర సాగిలపడింది ఒక్కడే. మేలు పదిమంది కథ. మీరు రాయాల్సింది ఆ ఒక్కడు పాదాల దగ్గరికి ఎలా వచ్చాడో ఆ కథ.

మీ దగ్గర రెండూ ఉంటే రెండు వేరు వేరు రోజుల్లో చెప్పండి.

2. ముందు అంతా రాసేయండి

మొదటి రోజు అందంగా రాయాలని చూడొద్దు. మూడు ప్రశ్నలకు జవాబు రాయండి, ఎన్ని పేజీలైనా సరే. అంతకుముందు నేను దేని మీద ఆనుకుని బతికాను? అది ఎక్కడ విరిగింది? అక్కడ క్రీస్తు నాకు ఏం చేశాడు, ఆ తర్వాత ఏం మారింది?

ఈ వరస నాది కాదు. అపొస్తలుల కార్యములు 26లో పౌలు అగ్రిప్ప రాజు ముందు ఇదే వరసలో మాట్లాడాడు. 4 నుంచి 11 వచనాల వరకు తన పాత జీవితం, 12 నుంచి 18 వరకు దమస్కు దారిలో యేసు హఠాత్తుగా కనబడి తనను పిలిచిన సంగతి, 19 నుంచి ఆ తర్వాత సంగతి. బిగ్గరగా చదివి చూడండి, మొత్తం ఐదు నిమిషాలు పట్టదు. అంత పెద్ద జీవితానికి అంతే సమయం తీసుకున్నాడు ఆయన.

మొదటి ప్రశ్న దగ్గర చాలామంది "నేను చెడ్డవాణ్ణి" అని రాసి వదిలేస్తారు. "దేని మీద ఆనుకున్నాను" అని నేను అడిగింది అందుకే. నేను ఆనుకున్నది నా మంచితనం మీద. మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా పని నాది. టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కలో ఒక్కటి కూడా తేడా రానివ్వనని పేరు. ఆ పేరే నాకు దేవుడైపోయింది. మీకు అది చదువు కావచ్చు, పిల్లలు కావచ్చు, "మా తాతగారు పాస్టరు" అన్న మాట కావచ్చు.

పుట్టుకతో క్రైస్తవులైన వాళ్ల గురించి ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. 1842 జూలై 31న లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టాడు. ఈ ఊళ్లో ఐదారు తరాలుగా విశ్వాసంలో ఉన్న కుటుంబాలు ఎన్నో. పసితనంలో బాప్తిస్మం, సండే స్కూలు, కన్ఫర్మేషన్, క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరి వేషం, ఇలా పెరిగినవాళ్లు నా దగ్గరకొచ్చి "అన్నా, నాకు చెప్పుకోవడానికి ఏమీ లేదు. నేను తాగలేదు, తిరగలేదు. ఫలానా రోజు మారానని తేదీ కూడా లేదు" అంటారు. కొందరైతే లేని పాపాలు తెచ్చిపెట్టుకుని కథ పెంచుతారు. దయచేసి అలా చేయకండి. సాక్ష్యంలో అబద్ధం పొరుగువాడి మీద చెప్పినా, మన మీద మనం చెప్పుకున్నా అబద్ధమే.

పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయంలో అతని అమ్మమ్మ లోయి, తల్లి యునీకే విశ్వాసాన్ని పేర్లతో సహా గుర్తుచేశాడు. తిమోతికి దమస్కు దారి లేదు, అమ్మమ్మ ఒడి ఉంది. అదీ కృపే. మీకు తేదీ లేకపోతే తేదీ వెతకొద్దు. "చిన్నప్పటి నుంచి వింటున్న మాట ఇది నా కోసమే అని ఎప్పుడు అర్థమైంది?" అని అడగండి. మా సంఘంలో ఒక అమ్మాయి దీనికి ఇలా రాసింది: ఇంటర్ ఫెయిలైన రోజు నాన్న ఏమీ అనకుండా అన్నం కలిపి పెట్టాడు, ఆ ముద్ద తింటుంటే గుడిలో విన్న కృప అనే మాటకు అర్థం తెలిసింది. ఆ సాక్ష్యం నాకు ఇప్పటికీ గుర్తుంది.

3. క్రియల కింద గీత గీయండి

ఈ పనికి ఒక సాయంత్రం పూర్తిగా కేటాయించండి. మిగతావన్నీ వదిలేసినా ఇది మాత్రం వదలొద్దు.

రాసినదంతా తీసి, ప్రతి వాక్యంలో క్రియ కింద గీత గీయండి. ఆ పని చేసింది నేనైతే ఎర్ర గీత, దేవుడైతే నీలం గీత. నా మొదటి సాక్ష్యం నిండా ఎర్ర గీతలే. ఒప్పుకున్నాను. ఏడ్చాను. నిర్ణయించుకున్నాను. తిరిగి కట్టాను. ప్రభువును అంగీకరించాను. రోజూ తెల్లవారుజామున లేచి ప్రార్థిస్తున్నాను. నీలం గీత ఒక్కటే పడింది, చివర్లో "దేవుడు దీవించాడు" అన్న చోట.

మన భాషలో ఇంకో చిక్కుంది. చేసినవాడి పేరు చెప్పకుండానే వాక్యం పూర్తయిపోతుంది. "శాంతి వచ్చింది." "జీవితం మారిపోయింది." "భారం దిగిపోయింది." ఎవరు ఇచ్చారు, ఎవరు మార్చారు, ఆ భారం ఎవరు మోశారు? అలాంటి వాక్యం కనబడిన ప్రతిచోటా కర్తను తిరిగి తెచ్చి పెట్టండి. "క్రీస్తు నా భారం మోశాడు" అని రాయగానే, ఎక్కడ మోశాడు, ఎలా మోశాడు అన్న ప్రశ్న వస్తుంది. అప్పుడు సిలువ గురించి రాయక తప్పదు. మన పాపాల కోసం ఆయన చనిపోయాడు, మూడో రోజున లేచాడు అన్నది మీ సాక్ష్యంలో ఎక్కడో ఒకచోట పేరుపెట్టి ఉండాలి. అది లేకపోతే ఎవరో క్రమశిక్షణతో బాగుపడిన కథకూ మీదానికీ తేడా ఉండదు.

ఎఫెసీయులకు 2వ అధ్యాయం తీసి ఇదే పరీక్ష పెట్టండి. మొదటి మూడు వచనాల్లో మనం చేసినవి ఉంటాయి, అన్నీ చావు వైపు నడిచినవే. నాలుగో వచనం "అయినను దేవుడు" అని మొదలవుతుంది. అక్కడి నుంచి కరుణించిందీ ఆయనే, బ్రతికించిందీ ఆయనే, లేపిందీ ఆయనే. ఎనిమిదో వచనం "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" అంటుంది. చూడండి, "రక్షింపబడియున్నారు" అన్న ఆ క్రియలోనే మన వంతు చేతులు చాపడం వరకే అని తెలిసిపోతోంది. విశ్వాసం కూడా నా గొప్ప కాదు. గుడిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గర మోకరించి చేతులు చాపుతాం కదా, చాపినందుకు ఎవరమూ కూలి అడగం.

క్రియలు దిద్దాక వాటి వరస చూడండి. నాకు బుద్ధి వచ్చింది ఇక్కడే. లూకా 19లో జక్కయ్య కథ చిన్నప్పటి నుంచి తెలిసిందే. పన్నులు వసూలు చేసే వాళ్ల పెద్ద, ధనవంతుడు, పొట్టివాడు, మేడిచెట్టు ఎక్కాడు. "నాలుగంతలు తిరిగి ఇస్తాను" అన్నది ఎనిమిదో వచనంలో. "జక్కయ్యా, త్వరగా దిగుము, నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అని యేసు అన్నది ఐదో వచనంలో. పిలుపు ముందు, డబ్బు తర్వాత. నేను నా సాక్ష్యంలో ఈ రెండింటినీ తారుమారు చేశాను. తిరిగి కట్టాను కాబట్టి శాంతి దొరికింది అని చెప్పాను. నిజానికి ఒక్క రూపాయి కూడా కట్టకముందే నన్ను ఆయన చేర్చుకున్నాడు.

మీరు మానేసిన తాగుడు, కలుపుకున్న అన్నదమ్ములు, మొదలుపెట్టిన ప్రార్థన, ఇవన్నీ చెప్పండి. కానీ అవి క్షమాపణ తర్వాత రావాలి, "అందుకని" అన్న మాటతో రావాలి. "ఆయన నన్ను క్షమించాడు, అందుకని కట్టాను." కట్టాను కాబట్టి క్షమించాడు అన్న అర్థం ఎక్కడైనా దొంగచాటుగా దూరిందేమో ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించండి. మన చెవికి అందని తప్పు వాళ్ల చెవికి అందుతుంది.

4. ఒకే ఒక్క వచనం

పది వచనాలు చెబితే అది ప్రసంగమవుతుంది. మీకు ఆ రోజు నిజంగా ఆసరా అయిన వచనం ఒక్కటి పెట్టుకోండి, దాని ముందూ వెనకా ఏముందో చదివి పెట్టుకోండి. అంతే.

5. తీసేయాల్సినవి

పాపం వివరాలు. తప్పు చేశానని పేరుపెట్టి చెప్పండి, కానీ ఎలా చేశానో మెట్టుమెట్టుగా చెప్పొద్దు. వినేవాళ్లలో పిల్లలుంటారు, అదే బలహీనతతో పోరాడుతున్నవాళ్లూ ఉంటారు. పాపానికి పదిహేను నిమిషాలు, ప్రభువుకు రెండు నిమిషాలు ఇచ్చిన సాక్ష్యాలు నేను చాలా విన్నాను. ఇంటికెళ్లాక జనం ఆ పదిహేను నిమిషాల గురించే మాట్లాడుకుంటారు.

ఇతరుల తప్పులు. మీ ఆయన తాగుడు, మీ అత్తగారి మాటలు, అవి వాళ్ల బతుకులోవి. వాళ్లు ఒప్పుకోకుండా మైకులో చెప్పే హక్కు మనకు లేదు. నా కథలో మా అమ్మాయి కాలేజీ ఫీజు ప్రస్తావన వస్తుంది. చెప్పేముందు ఆమెను అడిగాను. రెండు రోజులు ఆలోచించి "చెప్పండి నాన్నా, నా పేరు మాత్రం వద్దు" అంది.

కులం. "మేము ఫలానా కులం నుంచి ప్రభువులోకి వచ్చాం" అని ఘనంగా చెప్పడం, విన్నవాళ్లు దానికి ఇంకాస్త గట్టిగా చప్పట్లు కొట్టడం మన దగ్గర ఉంది. ఇది నన్ను చాలా బాధపెడుతుంది. కృప దగ్గర ఎవరూ ఎక్కువ ధర పలికే సరుకు కారు. కులం వల్ల మీరు అవమానపడి ఉంటే, ఆ గాయాన్ని ప్రభువు ఎలా చూశాడో చెప్పండి, అది చెప్పాల్సిన మాటే. బిరుదులా మాత్రం వాడొద్దు.

ఇతరుల దేవుళ్లు. మీరు ఇదివరకు గుళ్లకు వెళ్లినవాళ్లైతే "వెళ్లేవాణ్ణి" అని చెప్పండి, చాలు. ఎగతాళి, నిందమాట ఒక్కటి కూడా వద్దు. మొదటి పేతురు 3:15 మన నిరీక్షణకు కారణం చెప్పమంటూనే సాత్వికముతోను భయముతోను చెప్పమంటుంది. ఆ షరతు తీసేసే అధికారం మనకు లేదు.

6. గుడి మాటల్ని ఇంటి మాటల్లోకి మార్చండి

గుడిలో చెప్పేటప్పుడు ఇది పెద్ద సమస్య కాదు. పక్కింటి వాళ్లతో, పనిచోట స్నేహితులతో చెప్పేటప్పుడు మాత్రం మన మాటలు వాళ్లకు వేరేగా వినబడతాయి. "పాపం" తీసుకోండి. తెలుగులో ఎవరైనా కింద పడితే "అయ్యో పాపం" అంటాం. "నేను పాపిని" అంటే వినేవాళ్లకు జాలి మాటలా తోస్తుంది, లేదా హత్యో ఏదో చేశాడేమో అనిపిస్తుంది. "దేవుని ముందు నేను తప్పులో ఉన్నాను, దాన్ని దాస్తున్నాను" అంటే అర్థమవుతుంది. "రక్షణ" అంటే పోలీసు రక్షణ, రక్షణ శాఖ గుర్తొస్తాయి. "దేవుడు నన్ను క్షమించి తన దగ్గరికి తీసుకున్నాడు" అనండి. "సాక్ష్యం" అంటే కోర్టు. "నా జీవితంలో జరిగింది ఒకటి చెప్పనా?" అంటే సరిపోతుంది. "మారుమనస్సు", "రక్తములో కడగబడ్డాను" లాంటివి విడమర్చకుండా వాడొద్దు.

"కృప" కష్టమైన మాట. అమ్మాయి పేరుగా తెలుసు, అర్థంగా తెలియదు. దీన్ని నేను మిర్చి యార్డు భాషలో చెబుతాను. ముఠా కూలీలు టిక్కీకి ఇంత అని మోస్తారు. సాయంత్రం మేస్త్రీ ఇచ్చేది దానం కాదు, వాళ్లకు రావాల్సింది. రోమీయులకు 4:4 కూడా ఇదే చెబుతుంది, పని చేసినవాడికి ఇచ్చే జీతం ఋణమే గాని దానం కాదని. ఇప్పుడు మత్తయి 20లో యేసు చెప్పిన ద్రాక్షతోట యజమానిని చెప్పండి. పొద్దున వచ్చినవాడికి ఒక దేనారం, సాయంత్రం ఐదింటికి వచ్చి గంటసేపు పనిచేసినవాడికీ ఒక దేనారం. కష్టపడినవాళ్లకు ఇది విన్న వెంటనే కోపం వస్తుంది. ఆ కోపం రానివ్వండి. కృప అర్థమవడం మొదలైతేనే ఆ కోపం వస్తుంది.

మన చుట్టూ ఉన్నవాళ్లకు పాపపుణ్యాల లెక్క బాగా తెలుసు, గుమాస్తాగా నాకూ తెలుసు. నేను వాళ్లతో అనేది ఇది: "నా ఖాతాలో పుణ్యం ఎంత వేసినా లోటు పూడలేదు. నా లోటు వేరొకరు తన పేరున రాసుకున్నాడు."

7. మూడు నిమిషాలకు కుదించండి

అరఠావు కాగితానికి రెండు వైపులా మామూలు చేతిరాత, అంతకు మించొద్దు. నా సాక్ష్యం ఇప్పుడు ఇలా ఉంటుంది. మాదిరి కోసం ఇస్తున్నాను, కాపీ కొట్టడానికి కాదు:

"నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టాను. లెక్కలు రాయడం నా పని. పైసా తేడా రానివ్వనని పేరుంది. దేవుడు నన్ను చూసి సంతోషపడుతున్నాడనే అనుకునేవాణ్ణి. అది చూసే సంఘం నాకు కానుకల లెక్క అప్పగించింది. ఒక సంవత్సరం మా అమ్మాయి కాలేజీ ఫీజుకు డబ్బు అందలేదు. కానుకల్లోంచి ముప్పై ఎనిమిది వేలు తీసుకున్నాను. వచ్చే నెల వేసేద్దాం అనుకున్నాను. ఏడు నెలలు గడిచాయి. ఆ ఏడు నెలలూ గుడిలో ముందు వరసలోనే కూర్చున్నాను. బయటికి మేడిపండులా ఉన్నాను, లోపల ఏముందో నాకు తెలుసు. బల్ల దగ్గరికి వెళ్లలేక రెండుసార్లు ఒంట్లో బాగాలేదని చెప్పాను.

మంచి శుక్రవారం ముందు రోజు రాత్రి మా పాస్టరు గారి ఇంటికెళ్లి అంతా చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన బైబిలు నా చేతికిచ్చి లూకా 19 చదవమన్నారు. 'డబ్బు సంగతి తర్వాత మాట్లాడదాం, ముందు ఇది చదవండి' అన్నారు. 'జక్కయ్యా, త్వరగా దిగుము' అన్న చోట నా గొంతు ఆగిపోయింది. ఆ మనిషి ఇంకా ఏమీ తిరిగి ఇవ్వలేదు. చెట్టు మీదే ఉన్నాడు. అయినా యేసు అతన్ని పేరుతో పిలిచాడు. నేను తీసినదానికి, నేను నటించినదానికి, ఆయన సిలువ మీద ముందే చెల్లించాడని, చనిపోయి లేచిన ఆయనే ఆ రాత్రి నన్ను పిలుస్తున్నాడని నమ్మాను. ఆయన నన్ను క్షమించాడు.

అందుకని మర్నాడు పెద్దల ముందు ఒప్పుకోగలిగాను. లెక్కల బాధ్యత నా నుంచి తీసేశారు, తీసేయాల్సిందే. పద్నాలుగు నెలల్లో డబ్బంతా కట్టాను. ఆ కట్టడం వల్ల నేను దేవుని బిడ్డను కాలేదు. అయ్యాను కాబట్టి కట్టాను. ఇప్పటికీ నా మంచి పేరు మీద ఆనుకోవాలని బుద్ధి లాగుతుంది. అప్పుడల్లా ఆ చెట్టు గుర్తు చేసుకుంటాను."

చివరి రెండు వాక్యాలు కావాలనే ఉంచాను. రక్షణ దొరికాక నాకు ఏ పోరాటమూ లేదని చెబితే వినేవాడు తన పోరాటం చూసుకుని కుంగిపోతాడు. పదవి పోయిన సంగతీ ఉంచాను. క్షమాపణ అంటే లెక్క అడక్కపోవడం అని ఎవరూ అనుకోకూడదు.

8. చదివి, చూడకుండా చెప్పి, మళ్లీ చదవండి

మూడు రోజులు రోజుకోసారి బిగ్గరగా చదవండి. నాలుగో రోజు కాగితం పక్కన పెట్టి చెప్పండి. బట్టీ పట్టొద్దు, వరస గుర్తుంటే చాలు. ఫోనులో రికార్డు చేసుకుని వింటే నసుగుడు, సాగదీత తెలుస్తాయి. ఆ రికార్డు వాట్సాప్‌లో పెట్టే ముందు మాత్రం ఇంట్లోవాళ్లను అడగండి, ఒకసారి వెళ్లిందంటే వెనక్కి రాదు. చెప్పే రోజు టెన్షన్ మామూలే. మైకు నోటికి జానెడు దూరంలో పట్టుకోండి, "అందరికీ వందనాలు" అని ఒక్కసారి చెప్పి నేరుగా మొదలుపెట్టండి. ఏడుపొస్తే ఆగండి, నీళ్లు తాగండి. ఏడుపు రాకపోయినా సాక్ష్యం సాక్ష్యమే.

9. ఎక్కడ, ఎవరితో

మొదట మీ సొంత సంఘంలో గానీ ఇంటి ప్రార్థనలో గానీ చెప్పండి. పాస్టరు గారికి కాగితం ముందే చూపించండి.

తర్వాత పొరుగువాళ్లు. ఇక్కడ నియమం ఒక్కటే: అడిగి చెప్పండి. "చెప్పమంటారా?" అన్నప్పుడు వద్దంటే నవ్వి వేరే మాట మాట్లాడండి, స్నేహం తగ్గించొద్దు. ముందు వాళ్ల కథ వినండి. సాక్ష్యంతో పాటు డబ్బో, ఉద్యోగమో, ఏదో సాయమో ఆశ చూపిస్తే అది కృపకు పూర్తి విరుద్ధం. ఉచితంగా దొరికినదాన్ని బేరం పెట్టినట్టవుతుంది. సాయం చేయాలనుంటే మీ మాట విన్నా వినకపోయినా చేయండి.

ఆసుపత్రి మంచం పక్కన ఇంకా జాగ్రత్త. రోగికి లేచి వెళ్లిపోయే వీలుండదు, కాబట్టి రెండుసార్లు అడగండి. "మీకు కూడా తగ్గిపోతుంది" అని మాట ఇవ్వొద్దు. మందులు మానమని ఎన్నడూ అనొద్దు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ప్రభువు సేవకే వచ్చింది, చేసిన పని వైద్యం. 1898లో తెరిచిన ఆసుపత్రి ఇప్పటికీ ఆమె పేరుతోనే ఉంది. మందూ ప్రార్థనా ఒకదానికొకటి శత్రువులని ఈ ఊళ్లో ఎవరూ అనడానికి లేదు.

కతోలిక్ స్నేహితులతో మాట్లాడేటప్పుడు వాదన వాసన రానివ్వకండి. ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు విజయవాడ గుణదల మరియమాత తిరునాళ్లకు నడిచి వెళ్లేవాళ్లలో కృప తెలిసినవాళ్లు ఉన్నారు. 1999 అక్టోబరు 31న లూథరన్లు, కతోలికులు కలిసి సంతకం చేసిన ఉమ్మడి ప్రకటన కూడా దేవుడు మనల్ని అంగీకరించేది మన అర్హత వల్ల కాదు, కృప వల్లే అని చెబుతుంది. మీ కథ చెప్పండి, వాళ్ల కథ వినండి.

ప్రశ్నలు వస్తాయి. ఎక్కువగా వచ్చేది ఇదే: "క్షమించేస్తాడంటే మళ్లీ చేయొచ్చుగా?" ఈ ప్రశ్నకు కంగారు పడొద్దు. రోమీయులకు 6:1లో పౌలే దీన్ని ఎత్తాడు. మీ సాక్ష్యం విని ఎవరైనా ఈ ప్రశ్న అడిగారంటే మీరు కృపను సరిగ్గానే చెప్పారు. నా జవాబు: "ఆ రాత్రి తర్వాత ఆ డబ్బు పెట్టె ముట్టుకోవాలంటేనే చేయి రాలేదండీ." తెలియని ప్రశ్నకు "నాకు తెలియదు, కనుక్కుని చెబుతాను" అనండి. యోహాను 9లో చూపొచ్చినవాడు పరిసయ్యుల ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పలేదు. తనకు తెలిసిన ఒక్కటి, గుడ్డివాణ్ణి ఇప్పుడు చూస్తున్నాను అన్నది మాత్రం చెప్పి దాని మీద నిలబడ్డాడు.

10. చెప్పాక ఊరుకోండి

చెప్పిన వెంటనే "మరి మీరేమంటారు?" అని అడగొద్దు. మా కోల్డ్ స్టోరేజీలో ముఠా మేస్త్రీ ఒకాయన ఉన్నాడు, నాకంటే పెద్దవాడు. ఒక మధ్యాహ్నం లారీ ఆలస్యమైతే ఇద్దరం టిక్కీల మీద కూర్చున్నాం. అడిగి, నా కథ చెప్పాను. ఆయన బీడీ ఆర్పి "మంచిది గుమాస్తా గారూ" అని లేచి వెళ్లాడు. రెండు నెలలు ఆ మాటే ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఒకరోజు టీ తాగుతుండగా తనే అడిగాడు.

"సారూ, ఆ మేడిచెట్టు ఎక్కినాయన, డబ్బు కడతానని ముందు చెప్పాడా, దిగమన్నాక చెప్పాడా?"

"దిగమన్నాకే మేస్త్రీ."

"దిగమన్నాకా..." అన్నాడు. గ్లాసు చేతిలోనే ఉంది, టీ చల్లారిపోతోంది. ఇంతలో లారీ హారన్ కొట్టింది.